విదేశీ కోడలో అల్లుడో మన ఊళ్లో ఆర్నెల్లకు పైగా ఉండాలంటే: ఎక్స్-2 వీసా తీసుకోవడం ఎలా?

మీరు భారత పౌరులు. మీ భార్యో, భర్తో వేరే దేశం వాళ్లు. ఇన్నాళ్లూ సెలవులకి టూరిస్టు వీసా మీద వచ్చి వెళ్తున్నారు. ఇప్పుడు అమ్మానాన్నల దగ్గర ఏడాదో, ఏడాదిన్నరో ఉందామనుకున్నారు. కాన్పు కావచ్చు, నాన్నగారి ఆపరేషన్ కావచ్చు, కట్టిస్తున్న ఇల్లు కావచ్చు. అప్పుడు అందరూ ఇచ్చే సలహా ఒకటే: "ఈ-టూరిస్టు మీద వచ్చేయండి, ఇక్కడ ఎక్స్‌టెన్షన్ చేయించుకోవచ్చు."

ఆ సలహా వినకండి. ఈ-టూరిస్టు వీసాకి మామూలుగా ఎక్స్‌టెన్షన్ ఉండదు. ఏడాది వీసా అయినా, అయిదేళ్ల వీసా అయినా ఒక క్యాలెండర్ సంవత్సరంలో మొత్తం 180 రోజులు మించి ఉండడానికి లేదు. మధ్యలో శ్రీలంకకో, బ్యాంకాక్‌కో వెళ్లి తిరిగొచ్చినా లెక్క మళ్లీ మొదటికి రాదు. భారతీయుల జీవిత భాగస్వాములకి వేరే వీసా ఉంది. దాని పేరు ఎంట్రీ వీసా, వీసా మీద ఎక్స్-2 అని ఉంటుంది. భారత పౌరుడి భార్య లేదా భర్తకి, పిల్లలకి ఇచ్చేది ఇదే. గరిష్ఠంగా అయిదేళ్ల దాకా, ఎన్నిసార్లయినా వచ్చిపోయేలా ఇస్తారు. ఎన్నేళ్లు ఇవ్వాలన్నది మాత్రం మీరు దరఖాస్తు పెట్టిన ఎంబసీ లేదా కాన్సులేట్ ఇష్టం.

ముందు ఎవరికి ఇది అక్కర్లేదో చెప్పేస్తాను. అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో పుట్టిన మన తెలుగువాళ్ల అమ్మాయిని చేసుకున్నారనుకోండి, ఆ అమ్మాయికి తల్లిదండ్రుల తరఫునే ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు వస్తుంది, అది జీవితకాల వీసా లాంటిది. పెళ్లి కాగితాలతో పని లేదు, నేరుగా దానికే వెళ్లండి. నేపాల్, భూటాన్ వాళ్లకి అసలు వీసాయే అక్కర్లేదు. పాకిస్తాన్ వాళ్ల దారి పూర్తిగా వేరు, ఇక్కడ రాసేది వాళ్లకి వర్తించదు. మిగతా అందరూ కింద చదవండి.

మొదటి పని: పెళ్లి సర్టిఫికెట్

వీసా ఫారం గురించి తర్వాత. ఈ వ్యవహారంలో ఆగిపోయే ఫైళ్లు చాలావరకు ఆగేది పెళ్లి సర్టిఫికెట్ దగ్గరే. అందుకే దీని మీద ఎక్కువ సమయం పెట్టండి.

మన దగ్గర పెళ్లయితే: అన్నవరంలోనో, ద్వారకా తిరుమలలోనో పెళ్లి చేసుకుని గుడివాళ్లు ఇచ్చిన రసీదు, ఫొటోలు, శుభలేఖ పట్టుకుని వీసాకి వెళ్తే కుదరదు. రిజిస్టర్ అయిన పెళ్లి కావాలి. హిందూ వివాహ చట్టం కింద రిజిస్టర్ చేయాలంటే ఇద్దరూ హిందువులై ఉండాలి. మీ భాగస్వామి క్రైస్తవులో, ఏ మతమూ లేనివాళ్లో అయితే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కిందే చేయించుకోండి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఎవరో "ఆర్యసమాజంలో ఒక సర్టిఫికెట్ తెచ్చేయండి, రెండ్రోజుల్లో అయిపోతుంది" అంటారు. నిజంగా మతం మారే ఉద్దేశం ఉంటే వేరే సంగతి. వీసా కోసమే అయితే ఆ అడ్డదారి వద్దు. రేపు ఎంబసీలో మతం గడిలో ఒకటి రాసి, సర్టిఫికెట్ ఇంకొకటి చెబితే జవాబు చెప్పుకోవాల్సింది మీరే.

ప్రత్యేక వివాహ చట్టంలో రోజుల లెక్క ముఖ్యం. నోటీసు ఇచ్చే ముందు ఇద్దరిలో ఒకరైనా ఆ జిల్లాలో కనీసం 30 రోజులు ఉండి ఉండాలి. మీరు ఆ ఊరివాళ్లే కాబట్టి ఇది తేలిక. నోటీసు బోర్డు మీద పెట్టాక అభ్యంతరాల కోసం ఇంకో 30 రోజులు ఆగాలి. ఆ తర్వాత ముగ్గురు సాక్షులతో వెళ్లి సంతకాలు పెట్టాలి. నోటీసు ఇచ్చిన నాటి నుంచి మూడు నెలల్లోపు పెళ్లి కాకపోతే ఆ నోటీసు చెల్లదు, మళ్లీ కొత్తది ఇవ్వాలి. అంటే 30 రోజుల ఈ-టూరిస్టు వీసా మీద వచ్చిన అమ్మాయికి నోటీసు గడువు పూర్తయ్యేలోపే వీసా అయిపోతుంది. అంతకంటే ఎక్కువ రోజులు ఉండనిచ్చే వీసా మీద రమ్మనండి.

గుళ్లో పెళ్లి ముందే అయిపోయి, దాన్ని ఇదే చట్టం కింద రిజిస్టర్ చేయించాలనుకుంటే ఇంకో మెలిక ఉంది. అప్పుడు ఇద్దరూ ఆ జిల్లాలో 30 రోజులు ఉండి ఉండాలి, ఇద్దరికీ 21 నిండి ఉండాలి, ఆపైన మళ్లీ 30 రోజుల నోటీసు. దీనికన్నా నోటీసు ముందు ఇచ్చి, రిజిస్ట్రార్ దగ్గర పెళ్లి అయ్యాక మేళతాళాలు పెట్టుకోవడం నయం. ఇంట్లో పెద్దవాళ్లు "ముహూర్తం కంటే ముందు సంతకాలేంటి" అని గొణుగుతారు. ముందే చెప్పి ఒప్పించుకోండి.

విదేశీ భాగస్వామి తన దేశం నుంచి తెచ్చుకోవాల్సిన కాగితం ఒకటి ఉంది: తనకి ప్రస్తుతం ఇంకో పెళ్లి లేదన్న ధ్రువపత్రం. ఇంతకుముందు విడాకులు అయి ఉంటే ఆ డిక్రీ కూడా. కొన్ని దేశాలవాళ్లు దీన్ని ఢిల్లీలోనో, చెన్నైలోనో ఉన్న తమ ఎంబసీ, కాన్సులేట్‌లలో తీసుకుంటారు, కొన్ని దేశాలవాళ్లు ఇంటి దగ్గరి నుంచే తేవాలి. సబ్ రిజిస్ట్రార్ ఏ రూపంలో ఒప్పుకుంటారో అడిగి, ఆ తర్వాతే టికెట్ కొనండి.

పెళ్లి బయటి దేశంలో అయితే: అక్కడి సర్టిఫికెట్ సరిపోతుంది, ఇక్కడికి వచ్చి మళ్లీ చేసుకోనక్కర్లేదు. కానీ దానికి అపోస్టిల్ ముద్ర ఉండాలి, అంటే కాగితం అసలైనదేనని వేరే దేశాలు ఒప్పుకునేలా ఆ దేశ ప్రభుత్వం వేసే ముద్ర. అమెరికాలో పెళ్లయితే ఏ రాష్ట్రంలో అయిందో ఆ రాష్ట్ర సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసే ఆ ముద్ర వేస్తుంది. డాలస్‌లో పెళ్లయిన జంట న్యూజెర్సీకి మారిపోయినా టెక్సస్‌కే పంపించుకోవాలి. అదీ కౌంటీ క్లర్క్ ఇచ్చిన సర్టిఫైడ్ కాపీ మీదే, ఇంట్లో తీసిన జిరాక్స్ మీద కాదు. అపోస్టిల్ ఒప్పందంలో లేని దేశమైతే ముందు ఆ దేశ విదేశాంగ శాఖ, తర్వాత అక్కడి మన ఎంబసీ ముద్ర వేయించుకోవాలి. సర్టిఫికెట్ స్పానిష్‌లోనో, ఉక్రేనియన్‌లోనో ఉంటే ధ్రువీకరించిన ఇంగ్లీషు అనువాదం జతచేయండి. 1969 నాటి విదేశీ వివాహ చట్టం కింద మన ఎంబసీలోనే పెళ్లి చేసుకునే వీలూ ఉంది.

ఇక మన తెలుగువాళ్లకే ప్రత్యేకమైన తలనొప్పి: పేరు. పదో తరగతి మెమోలో "కె. వి. సుబ్బారావు", ఆధార్‌లో "వెంకట సుబ్బారావు", పాస్‌పోర్టులో ఇంటిపేరు విడదీసి ఇంకో రకంగా. పెళ్లి సర్టిఫికెట్ తయారయ్యేటప్పుడు క్లర్కు ఆధార్ చూసి టైపు చేసేస్తాడు. మీరు మాత్రం పాస్‌పోర్టు పుస్తకం ముందు పెట్టి, అందులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా రాయించండి. మీ భాగస్వామి పేరు కూడా అంతే. వాళ్ల మధ్య పేరు వదిలేయడం మన ఆఫీసుల్లో మామూలే. అక్కడికక్కడే చదివి చూసుకుంటే అయిదు నిమిషాల పని. తర్వాత దిద్దించుకోవాలంటే అఫిడవిట్లు, తిరుగుళ్లు.

వీలుంటే ఈలోపు మీ పాస్‌పోర్టు రీఇష్యూ చేయించి, చివరి పేజీలో భార్య లేదా భర్త పేరు ఎక్కించుకోండి. ఆ ఒక్క లైను పెద్ద సాయం చేస్తుంది.

రెండో పని: దరఖాస్తు ఎక్కడ పెట్టాలి

భాగస్వామి తన సొంత దేశంలోనో, లేదా చట్టబద్ధంగా నివాసం ఉంటున్న దేశంలోనో పెట్టాలి. దుబాయ్‌లో ఉద్యోగం చేస్తున్న ఫిలిప్పీన్స్ అమ్మాయి అక్కడి రెసిడెన్సీ చూపించి అక్కడే పెట్టుకోవచ్చు. ఊరికే చూడ్డానికి వెళ్లిన మూడో దేశంలో పెడితే ఆ ఫైలు సొంత దేశంలోని మన ఎంబసీకి వెళ్లి తిరిగి రావాలి. అంత టెన్షన్ ఎందుకు?

భారత ప్రభుత్వ వీసా వెబ్‌సైట్‌లో ఈ-వీసా ఒక వైపు, రెగ్యులర్ వీసా ఒక వైపు ఉంటాయి. రెగ్యులర్ వీసా ఫారం నింపి ప్రింటు తీసుకుని, పాస్‌పోర్టుతో కలిపి ఆ దేశంలో మన ఎంబసీ పని చూస్తున్న సెంటర్‌లో ఇవ్వాలి. చాలా దేశాల్లో అది వీఎఫ్‌ఎస్. గూగుల్‌లో వెతికితే ప్రభుత్వ సైటులాగే కనిపించే ఏజెంట్ల సైట్లు పైన వస్తాయి, అడ్రసు చివర జీవోవీ డాట్ ఇన్ ఉందో లేదో చూసుకోండి.

ఫారంలో తప్పులు జరిగే చోట్లు కొన్ని:

వీసా రకం దగ్గర టూరిస్టు అని కాకుండా ఎంట్రీ వీసా ఎంచుకోండి, కారణం దగ్గర భారతీయుడి భార్య లేదా భర్త అన్నది. తల్లిదండ్రుల వివరాలు, పుట్టిన ఊరితో సహా అడుగుతారు. తల్లిదండ్రులు గానీ, తాతలు, అమ్మమ్మ, నాయనమ్మలు గానీ పాకిస్తాన్ జాతీయులా అన్న ప్రశ్న ఉంటుంది. బ్రిటన్, కెనడాల్లో పుట్టిన కొందరికి నిజంగానే అవును అని రాయాల్సి రావచ్చు. దాచకండి. అవును అయితే ఫైలు చాలా నెమ్మదిగా కదులుతుందని తెలుసుకుని నెలల ముందే మొదలుపెట్టండి. పదేళ్లలో తిరిగిన దేశాలు, మూడేళ్లలో వెళ్లిన సార్క్ దేశాలు అడుగుతారు. పాత పాస్‌పోర్టులు పక్కన పెట్టుకుని కూర్చోండి. శరీరం మీద గుర్తులు అని ఉన్న గడి చూసి విదేశీయులు నవ్వుకుంటారు. మనకి పదో తరగతి నుంచి పుట్టుమచ్చలు రాయడం అలవాటే, వాళ్లకి కాదు.

ఇండియాలో రిఫరెన్స్ దగ్గర మీ అమ్మానాన్నల పేరు, ఇంటి అడ్రసు, తీసే ఫోను నంబరు ఇవ్వండి. తెలియని నంబరు వస్తే కట్ చేసే అలవాటు ఉన్న నాన్నగారి నంబరు మాత్రం వద్దు.

జత చేయాల్సినవి: పెళ్లి సర్టిఫికెట్, మీ పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీలు, మీరు సంతకం చేసిన ఉత్తరం, భాగస్వామి అడ్రసు రుజువు, తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో రెండంగుళాల చదరపు ఫొటోలు. భాగస్వామి పాస్‌పోర్టుకి కనీసం ఆరు నెలల గడువు, రెండు ఖాళీ పేజీలు ఉండాలి. ఉత్తరంలో కవిత్వం అక్కర్లేదు. ఎవరు మీరు, పెళ్లి ఎప్పుడు ఎక్కడ అయింది, ఎక్కడ ఉంటారు, ఎంతకాలం, ఎందుకు, ఖర్చు ఎవరిది. ఒక పేజీ చాలు. చివర్లో "గరిష్ఠ కాలానికి, మల్టిపుల్ ఎంట్రీతో ఇవ్వగలరు" అని స్పష్టంగా అడగండి. అడగనివాళ్లకి ఏడాదే ఇచ్చి పంపినా ఆశ్చర్యం లేదు.

ఇంకొకటి: రెగ్యులర్ వీసా గడువు ఇచ్చిన తేదీ నుంచి మొదలవుతుంది, ఫ్లైటు ఎక్కిన తేదీ నుంచి కాదు. ఏడాది వీసా తీసుకుని నాలుగు నెలల తర్వాత బయల్దేరితే మిగిలేది ఎనిమిది నెలలే.

పాస్‌పోర్టు చేతికి రాగానే వీసా స్టిక్కరు చదవండి. పేరు, పాస్‌పోర్టు నంబరు, ఎక్స్-2 అని ఉందా, ఎన్ని ఎంట్రీలు, కింద ఏం రాశారు. ఆ కింది లైను చాలా ముఖ్యం. "14 రోజుల్లో రిజిస్టర్ చేసుకోవాలి" అని ఉండవచ్చు, "ఒక్కో రాకలో 180 రోజులు మించకూడదు" అని ఉండవచ్చు. ఇక్కడికి వచ్చాక మీరు చేయాల్సిన పని దాన్నిబట్టే.

మూడో పని: దిగాక

2025 అక్టోబర్ 1 నుంచి విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు ఈ-అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపాలి. ఇక్కడ దిగడానికి ముందు 72 గంటల్లోపు నింపొచ్చు, డబ్బు కట్టేది ఏమీ లేదు. డబ్బడిగే సైటు కనబడితే అది అసలుది కాదు.

ఇంటికి వచ్చాక చాలామందికి తెలియని పని ఒకటి. విదేశీయులు మన ఇంట్లో ఉంటే 24 గంటల్లోపు ఆ ఇంటివాళ్లు ఆన్‌లైన్‌లో తెలియజేయాలి. అందరూ దాన్ని ఫారం సి అనే పిలుస్తారు. హోటళ్లే చేయాలని అనుకుంటారు, కాదు, సొంత అత్తగారిల్లయినా చేయాల్సిందే. పుట్టపర్తిలో ఇళ్లు అద్దెకిచ్చేవాళ్లకి ఇది నిత్యం ఉండే పని. తెనాలిలోనో, సిద్దిపేటలోనో ఉన్న మీ నాన్నగారు మాత్రం "మా కోడలి గురించి నేను పోలీసులకి చెప్పాలా" అంటారు. ఆయన పేరు మీద లాగిన్ మీరే చేసి, మీరే నింపండి.

ఈ ఫారం ప్రింటు తర్వాత ఉపయోగపడుతుంది. రిజిస్ట్రేషన్‌కి అడ్రసు రుజువు అడుగుతారు. మన ఇళ్లలో కరెంటు బిల్లు ఎప్పుడో పోయిన తాతగారి పేరు మీదే వస్తుంటుంది. అలాంటప్పుడు ఫారం సి కాపీ, ఇంటి యజమానిగా నాన్నగారి ఉత్తరం, ఆయన ఆధార్ కలిపి పెట్టండి.

రిజిస్ట్రేషన్ ఇ-ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ (విదేశీయుల ప్రాంతీయ రిజిస్ట్రేషన్ ఆఫీసు) పోర్టల్‌లో చేయాలి. ఇది 2018లో వచ్చింది. అంతకుముందులా పొద్దున్నే వెళ్లి లైన్లో నిలబడే పని చాలావరకు తప్పింది. భాగస్వామి పేరుతో అకౌంట్ తెరిచి, పాస్‌పోర్టు, వీసా, ఇమిగ్రేషన్ ముద్ర ఉన్న పేజీ, ఫొటో, అడ్రసు రుజువు, పెళ్లి సర్టిఫికెట్, మీ ఐడీ అప్‌లోడ్ చేయాలి. అడ్రసునిబట్టి ఏ ఆఫీసుకి వెళ్లాలో సిస్టమే పంపుతుంది. స్టిక్కరు మీద 14 రోజులని ఉంటే ఆ గడువులోపే పెట్టేయండి. ఆ మాట లేకుండా ఆర్నెల్లు దాటి ఉండబోతున్నారంటే 180వ రోజు దాకా ఆగకుండా, చాలా ముందుగా పెట్టండి. ఏదైనా కాగితం సరిగ్గా లేకపోతే మెయిల్‌లో అడుగుతారు. ఆ మెయిల్ స్పామ్‌లో పడి, జవాబు రాలేదని అప్లికేషన్ మూసేయడం జరుగుతుంటుంది. రోజూ చూసుకోండి.

స్టేషన్ నుంచో, స్పెషల్ బ్రాంచ్ నుంచో ఎవరైనా వెరిఫికేషన్‌కి వస్తే కంగారుపడకండి. ఇద్దరూ ఇక్కడే కలిసి ఉంటున్నారా అన్నదే వాళ్లు చూసేది. పక్కింటివాళ్లని అడుగుతారు. పెళ్లి ఫొటో ఆల్బమ్ ఒకటి ఇంట్లో అందుబాటులో ఉంచండి, అది పది కాగితాల పని చేస్తుంది.

ఇల్లు మారితే అడ్రసు మార్పు తెలియజేయాలి. వీసా పొడిగింపు కూడా ఇదే పోర్టల్‌లో. గడువుకి కనీసం నెల, నెలన్నర ముందు మొదలుపెట్టండి.

టూరిస్టు వీసా మీద ఇప్పటికే వచ్చేసి ఉంటే?

పెళ్లి ఇక్కడ అయి రిజిస్టర్ అయితే, టూరిస్టు వీసాని ఎక్స్-2గా మార్చమని ఇదే పోర్టల్‌లో అడగొచ్చు. పెళ్లి సర్టిఫికెట్‌తో పాటు, భాగస్వామి బాధ్యత నాది అంటూ స్టాంపు పేపరు మీద మీరు రాసిచ్చే ఇండెమ్నిటీ బాండు, పోలీసు రిపోర్టు, భద్రతా పరిశీలన అన్నీ ఉంటాయి. ఇద్దర్నీ పిలిచి మాట్లాడనూ వచ్చు. ఇచ్చి తీరాలన్న రూలేమీ లేదు. కదల్లేని పరిస్థితిలో ఉన్నవాళ్లకి ఇది ఆసరా, అంతే. ఇంకా బయల్దేరనివాళ్లు దీన్ని నమ్ముకుని టికెట్ కొనొద్దు.

గడువు దాటి మాత్రం ఒక్క రోజు కూడా ఉండకండి. 2025 సెప్టెంబర్ 1 నుంచి కొత్త ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం అమల్లో ఉంది. గడువు మించి ఉంటే మూడేళ్ల దాకా జైలు, మూడు లక్షల దాకా జరిమానా ఉన్నాయి. అంతకంటే బాధపెట్టేది ఇంకోటుంది. మన పౌరసత్వ చట్టం ప్రకారం, ఇక్కడ పుట్టిన బిడ్డకి తల్లిదండ్రుల్లో ఒకరు భారతీయులైతే పుట్టుకతోనే పౌరసత్వం వస్తుంది, కానీ రెండోవాళ్లు అక్రమ వలసదారు కాకూడదు. గడువు దాటి ఉండిపోయినవాళ్లు ఆ మాట కిందకే వస్తారు. కాన్పు కోసం వచ్చిన కోడలి వీసా తేదీ చూసుకోకపోతే ఆ భారం పసిబిడ్డ మీద పడుతుంది.

ఎక్స్-2 మీద ఏం చేయకూడదు

జీతానికి ఉద్యోగం చేయకూడదు. దానికి విడిగా వీసా మార్పు, అనుమతి కావాలి. బంధువుల స్కూల్లో "స్పోకెన్ ఇంగ్లీష్ చెప్పమ్మా, నెలకింత ఇస్తాం" అంటే నవ్వి ఊరుకోమనండి. తిరుమల వెళ్లొచ్చు. హిందువులు కానివాళ్లు దర్శనానికి ముందు డిక్లరేషన్ మీద సంతకం చేయాలి, పాస్‌పోర్టు వెంట ఉంచుకోండి. పన్నెండు నెలల్లో 182 రోజులు ఇక్కడ ఉన్నాక ఆధార్‌కి కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. సిమ్ కార్డు, బ్యాంకు పనులు అప్పుడు తేలికవుతాయి.

రెండేళ్ల తర్వాత

పెళ్లి రిజిస్టర్ అయి, వరసగా రెండేళ్లు నిలిచి ఉంటే విదేశీ భాగస్వామి ఓసీఐ కార్డుకి అర్హులవుతారు. రెండేళ్ల లెక్కకి రిజిస్ట్రేషన్ కూడా చూస్తారు కాబట్టే మొదటి పనిని వాయిదా వేయొద్దని అంతగా చెప్పాను. ఓసీఐని ఇండియాలో పెట్టుకోవాలంటే టూరిస్టు వీసా మీద ఉండగా కుదరదు, ఇక్కడ ఆర్నెల్లుగా నివాసం ఉంటున్నట్టు కూడా చూపాలి. ఎక్స్-2 మీద ఉన్నవాళ్లకి ఈ రెండూ ఇబ్బంది కావు. ఫీజు ఇక్కడైతే 15,000 రూపాయలు, బయటైతే 275 డాలర్లు. మళ్లీ భద్రతా పరిశీలన ఉంటుంది. భాగస్వామి గానీ, వాళ్ల తల్లిదండ్రులు, తాతలు, ముత్తాతలు గానీ ఎప్పుడైనా పాకిస్తాన్ లేదా బంగ్లాదేశ్ పౌరులై ఉంటే ఓసీఐ రాదు.

కార్డు వచ్చాక రిజిస్ట్రేషన్ల గొడవ ఉండదు, ఉద్యోగం చేసుకోవచ్చు, ఫ్లాటు కొనుక్కోవచ్చు. వ్యవసాయ భూమి, తోటలు, ఫామ్‌హౌస్ మాత్రం కొనడానికి లేదు. ఊళ్లో రెండెకరాలు కోడలి పేరున రాయిద్దామని ఎవరైనా ఉత్సాహపడితే ముందే ఆపండి. విడాకులైతే భార్య లేదా భర్త హోదాలో వచ్చిన ఓసీఐని రద్దు చేసే అధికారం ప్రభుత్వానికి ఉంది.

ఎక్స్-2 గడువు అయిపోయేలోపు ఓసీఐ చేతికి వచ్చేస్తుందని లెక్క వేసుకోకండి. ఆ ఫైలు నడుస్తున్నా సరే, వీసా పొడిగింపు వీసా పొడిగింపే. దాన్ని విడిగా, సమయానికి పెట్టండి.